వెనక సీటు మీద ఇసుక బస్తా

మేడమీద అద్దె గది, సముద్రం ఊరు
నవంబరు 3

మాట తప్పిన మరదలికి,

క్షేమంగా చేరాను. నువ్వు అడిగే రకం కాదు కాబట్టి నేనే చెప్తున్నాను.

పదిహేనేళ్ళుగా ఇద్దరం అనుకుంటున్న ప్రయాణం ఇది. నేను రిటైరైన మర్నాడే బయల్దేరదామన్నది నువ్వు. జనవరి చివరిదాకా గది మాట్లాడింది నువ్వు. రైలు పెట్టెలో నా సామాను సర్ది, "నీళ్ళ సీసా కొనుక్కొస్తా వదినా" అని దిగినదానివి మళ్ళీ ఎక్కలేదు. రైలు కదిలాక చూస్తే ప్లాట్‌ఫారం మీద స్తంభం పక్కన నిలబడి చెయ్యి ఊపుతున్నావు. అదీ నా కిటికీ వైపు కాదు, పక్క పెట్టె వైపు. నా మొహం చూడ్డానికి నీకు మొహం చెల్లలేదన్నమాట.

ఇక్కడికొచ్చి నీ సంచీ విప్పాను. అందులో నీ బట్ట ఒక్కటీ లేదు. నా ఉన్ని స్వెట్టరు, నా మోకాళ్ళ మందు, నా పాత టోపీ. అంటే మొదట్నుంచీ రాకూడదనే అనుకున్నావు. ఆ సంచీని గదిలో ఎక్కడ పెట్టినా చూస్తుంటే ఒళ్ళు మండుతోంది, తీసుకెళ్ళి మంచం కింద తోసేశాను.

ఊరు చిన్నది. సీజను అయిపోయింది కాబట్టి సగం ఇళ్ళ కిటికీలకి చెక్కలు కొట్టేశారు. సముద్రం పక్కనే ఒక్కటే పొడుగాటి రోడ్డు, ఈ చివర లైటుహౌసు, ఆ చివర మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీ. అంత దూరం నడవడానికి నా మోకాళ్ళు ఒప్పుకోవు, అందుకని సైకిలు అద్దెకి తీసుకుందామని వెళ్ళాను. సైకిళ్ళ షాపాయన ఒకప్పుడు ఓడల్లో ఇంజిను మెకానిక్కట. ఉప్పుగాలికి తుప్పు పడతాయని సీజను అవగానే సైకిళ్ళన్నీ ఊడదీసి, ముక్క ముక్కకీ గ్రీజు పూసి షెడ్డులో వేలాడదీస్తాడు. బయట మిగిలింది ఒక్కటే, ఇద్దరు తొక్కే జంట సైకిలు. అది షెడ్డు గుమ్మంలో పట్టదు కాబట్టి బతికిపోయింది.

అదే ఇమ్మన్నాను. "రెండో మనిషేరండీ?" అన్నాడు. రాలేదన్నాను. "అయితే ఇవ్వనండీ. వెనక బరువు లేకపోతే మలుపులో తోక ఊగుతుంది, పడతారు" అన్నాడు. నీళ్ళ పైపుల మ్యాపులు గీస్తూ ముప్ఫయ్యేళ్ళు ఇంజినీర్లతో వాదించినదాన్ని, ఈయనొక లెక్కా? అరగంటలో దారికొచ్చాడు. ఇసుక బస్తా ఒకటి తెచ్చి వెనక సీటుకి తాడుతో బిగించాడు. "వెనక కూర్చునేవాళ్ళకి హ్యాండిలు తిరగదు, బ్రేకు ఉండదు. దారి కూడా చూడక్కర్లేదండీ, తొక్కితే చాలు. ఈ బస్తా తొక్కదు, అదొక్కటే తేడా" అన్నాడు.

కాబట్టి నీ బదులు ఇసుక బస్తాని ఎక్కించుకుని ఊరు తిరుగుతున్నాను. నీకంటే నయం, మధ్యలో దిగిపోదు.

వదిన

*

వాచీల షాపు, మన ఇంటి ముందుగది
నవంబరు 10

కోపాల వదినకి,

నీ ఉత్తరం అందింది. భోజనాల దగ్గర అన్నయ్య పైకి చదివాడు. నీ గొంతుతో చదవబోయి దగ్గు తెచ్చుకుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదట్నుంచి చదివాడు. తిట్లన్నీ రెండుసార్లు తిన్నానన్నమాట.

హాస్పిటలు వాళ్ళ గోడ గడియారాలు ఒక్కసారే నలభై వచ్చి పడ్డాయి. ముందే చెప్తే నువ్వు ఇల్లు కదిలేదానివి కాదు. అందుకే అలా చేశాను. పదేళ్ళు మా అమ్మ మంచం పక్కన కూర్చున్నావు. ఆ పదేళ్ళలో నువ్వు ఒక్క సినిమా కూడా చివరిదాకా చూడలేదు. నీకు ఈ మూడు నెలలు రావాలి, ఎవరూ పిలవని చోట రావాలి. అంతకుమించి ఏమీ లేదు.

ఇల్లు బాగానే ఉంది. అన్నయ్య వంట మాడ్చడం లేదు, ఎందుకంటే వండడం లేదు. ఎదురింటివాళ్ళు జాలిపడి పంపిస్తున్నారు. ఆయనకి జాలిపడేలా మొహం పెట్టడం బాగా వచ్చు.

అక్షరాలు ఇంత పెద్దగా ఉన్నాయేమిటని నవ్వకు. కొత్త పెన్ను, పాళీ లావు.

బస్తాని అడిగానని చెప్పు.

మరదలు

*

మేడమీద అద్దె గది
నవంబరు 22

పేజీకి ఆరు లైన్లు రాసే మరదలికి,

నాలుగు కాగితాలు చదివితే ఒక పోస్టుకార్డు సరుకు లేదు. లైన్లు కూడా కుడివైపుకి ఎగబాకుతున్నాయి. నా ఆఫీసులో ఎవరైనా ఇలా గీసి తెస్తే స్కేలుతో వేళ్ళమీద ఒకటి వేసేదాన్ని. పాళీ మార్చు.

మొన్న లైటుహౌసు మలుపులో పడ్డాను. తాడు వదులై బస్తా ఒక పక్కకి జారింది, దానితోపాటు నేనూ జారాను. మోచెయ్యి గీరుకుంది. మీ అన్నయ్యకి చెప్పకు. షాపాయన పరిగెత్తుకొచ్చి ముందు సైకిలుని లేపి, బెల్లు కొట్టి చూసి, తర్వాత నన్ను లేపాడు. పైగా "రెండో మనిషి ఉంటే పడేవారు కాదండీ" అన్నాడు. ఊళ్ళో ఎవరు కనబడినా ఇదే మాట. రొట్టెల కొట్టు ఆమె రెండు కప్పుల టీ తెచ్చి, నా వెనక్కి చూసి, ఒకటి తీసుకెళ్ళిపోతుంది. తల ప్రాణం తోకకొస్తోంది.

ఇక్కడ పడవల రేవులో గడియారం స్తంభం ఉంది. నాలుగూ ఇరవై దగ్గర ఆగిపోయి మూడేళ్ళయిందట. రేవు ఆఫీసులో అడిగితే బాగుచేసేవాళ్ళు దొరకడం లేదన్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "మా మరదలు ఉంది. చీమ కాలికి చెప్పు కుట్టమన్నా కుడుతుంది. అలాంటి చూపు మీ జిల్లాలో ఎవరికీ ఉండదు. రప్పిస్తాను" అని చెప్పేశాను. వాళ్ళు నీ పేరు పుస్తకంలో రాసుకున్నారు. కాబట్టి ఆ నలభై గడియారాలు వాళ్ళ మొహాన కొట్టి బయల్దేరు. డిసెంబరు పదో తారీఖు వస్తావని చెప్పాను, నా పరువు నీ చేతిలో ఉంది.

వదిన

*

విషయం: మీ నవంబరు 22 నాటి ఉత్తరం
డిసెంబరు 1

వదినకి,

పైన విషయం అని ఉంటే కంగారుపడకు. చెప్తుంటే అన్నయ్య టైపు చేస్తున్నాడు. గడియారం స్ప్రింగు తెగి నా కుడి చేతి బొటనవేలికి కొట్టుకుంది, పెన్ను పట్టుకోలేను. కోర్టు టైపిస్టు పని మానేసి నాలుగేళ్ళయినా ఆయన చేతికి ఆ అలవాటు పోలేదు. సాక్షి దగ్గితే దగ్గాడని కూడా కొట్టేవాడని నీకు తెలిసిందే. నా దగ్గు కొట్టొద్దని ముందే చెప్పాను.

నువ్వు పడ్డావని అన్నయ్యకి చెప్పొద్దన్నావు. ఆ వాక్యం పైకి చదివింది ఆయనే.

ఇక గడియారం సంగతి. నన్ను అడక్కుండా నా తరఫున మాట ఇవ్వడానికి నువ్వెవరు? నేను రాను. పదో తారీఖున రాను, ఇరవయ్యో తారీఖున కూడా రాను. ఆ పుస్తకంలో నా పేరు కొట్టించెయ్యి. ఇకమీదట ఏ ఉత్తరంలోనూ నన్ను రమ్మని రాయకు, నా పని గురించి ఎవరి దగ్గరా గొప్పలు చెప్పకు.

మరదలు

*

మేడమీద అద్దె గది
డిసెంబరు 8

మరదలికి,

సరే.

రేవు ఆఫీసుకి వెళ్ళి నీ పేరు కొట్టించాను. ఆ గుమాస్తా కళ్ళజోడు పైనుంచి చూసిన చూపు నా జన్మకి చాలు.

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను. మొదటిది నిన్ను తిట్టడానికి. రెండోది ఇంకా బాగా తిట్టడానికి. మూడోది రాస్తుంటే అనుమానం వచ్చింది. ముప్ఫై రెండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. నువ్వు నాతో పోట్లాడావు, అలిగావు, నా చీర ఇస్త్రీ చేస్తూ కాల్చి అది కొన్నప్పుడే అలా ఉందని దబాయించావు. "నువ్వెవరు" అని మాత్రం ఎప్పుడూ అనలేదు. టైపు మిషన్ మీద కొట్టినంత మాత్రాన ఆ మాట నీది కాకుండా పోదు, కానీ అది నీ మనసులోంచి వచ్చిందంటే నేను నమ్మను.

అక్కడ ఏదో జరిగింది. మీ అన్నయ్యకి ఒంట్లో బాగాలేదా? నీకా? దాచి నన్ను ఇక్కడ కూర్చోబెట్టారా? నీ జవాబు చూసి టిక్కెట్టు కొనేస్తాను. జవాబు రాకపోయినా కొనేస్తాను.

వదిన

*

విషయం: ఇప్పుడే రావద్దని కోరుట
చెప్పినవారు: మీ మరదలు
టైపు చేసినవారు: మీ ఆయన
డిసెంబరు 14

వదినా, నువ్వు ఇప్పుడే రావద్దు. జనవరి చివరిదాకా గది ఉంది కదా, హాయిగా ఉండు. ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. నా వేలు మానిపోయింది. వద్దు వద్దు, మానిందంటే సొంతంగా రాయమంటుంది. అది కొట్టెయ్ అన్నయ్యా, ఇంకా మానలేదని రాయి.

షాపు బాగా నడుస్తోంది. (ఇక్కడ చెప్పినామె దగ్గింది.) షాపు మూసేశానని రాయకు. నా పనిముట్లు మార్కెట్లో వాచీలాయనకి ఇచ్చేస్తున్నానని కూడా రాయకు. ఎంతవరకు వచ్చింది? సరే.

గడియారం విషయంలో అలా అన్నందుకు ఏమీ అనుకోకు వదినా. అలాంటి చూపు ఎవరికీ ఉండదని నువ్వు ఊరందరికీ చెప్పావని వినగానే ఏడుపొచ్చింది. ఇది వద్దు. పని ఎక్కువై చిరాకుపడ్డానని రాయి.

(కళ్ళజోడు తీసి తుడిచింది. తుడిచినా లాభం లేదని ఆమెకీ తెలుసు.)

నువ్వే చెప్పు అన్నయ్యా, వదినకి ఏమని చెప్పను? ఎటు చూస్తే అటు మధ్యలో మసక మచ్చ. పక్కలంతా కనిపిస్తుంది, చూడాలనుకున్నదే కనిపించదు. గోడ ఉంటుంది, గోడ మీద గడియారం ఉండదు. ఆపరేషను లేదని ఇద్దరు డాక్టర్లూ చెప్పారు. స్టేషన్లో ఏ కిటికీలో వదిన ఉందో తెలియక అన్ని పెట్టెలకీ చెయ్యి ఊపాను. అమ్మని పదేళ్ళు ఎత్తి దించింది. ఆ మంచం ఖాళీ అయ్యి రెండేళ్ళు కూడా కాలేదు. మళ్ళీ నేను వెళ్ళి అందులో పడుకోనా? జనవరి మొదటి తారీఖున ఆ హాస్టలుకి వెళ్ళిపోతాను, చూపు తగ్గినవాళ్ళకి అక్కడ చేతిపనులు నేర్పుతారు. వదిన ఇంటికొచ్చేసరికి నేనుండను. అప్పుడు నువ్వే చెప్పు. నువ్వయితే నెమ్మదిగా చెప్తావు.

ఇదంతా కొట్టడం లేదు కదా? టకటకా వినిపిస్తోందేమిటి?

(మార్జిను సరిచేస్తున్నానని టైపిస్టు చెప్పాడు.)

ఆరోగ్యం జాగ్రత్త వదినా. సైకిలు మలుపులో నెమ్మదిగా తిప్పు. ఇక చాలు, నా పేరు పెట్టెయ్.

చెప్పినది చెప్పినట్టు టైపు చేయడమైనది. చెప్పినామె చదివి వినిపించమని అడగలేదు, కాబట్టి వినిపించలేదు. ముప్ఫై మూడేళ్ళ సర్వీసులో నేను ఒక్క మాట వదిలిపెట్టలేదు, ఇప్పుడు వదిలిపెట్టడం చేతకాలేదు.

*

మేడమీద అద్దె గది
డిసెంబరు 17

నా మరదలు పిల్లకి,

ఈ ఉత్తరం కూడా మీ అన్నయ్యే పైకి చదువుతారు. ఏమండీ, ఒక్క అక్షరం మింగకుండా చదవండి. మధ్యలో దగ్గొద్దు.

ఏమే, నువ్వు చెప్పినదంతా నాకు చేరింది. కొట్టెయ్యమన్నదీ, రాయొద్దన్నదీ, కళ్ళజోడు తుడుచుకున్నదీ అంతా చేరింది. ఆయన్ని ఏమీ అనకు. పెళ్ళయిన ముప్ఫై రెండేళ్ళలో ఆయన చేసిన తెలివైన పని ఇదొక్కటే.

ఐసు ఫ్యాక్టరీ గోడ మీద కూర్చుని చదివాను. ముందు నామీద నాకే అసహ్యం వేసింది. పక్క పెట్టెకి చెయ్యి ఊపావని ఎగతాళి చేశాను. లైన్లు ఎగబాకుతున్నాయని వెక్కిరించాను. మ్యాపులో వెంట్రుకంత గీత తప్పితే పట్టుకునేదాన్ని, ఎదురుగా కూర్చుని అన్నం తినే మనిషిలో ఇంత మార్పు పట్టుకోలేకపోయాను. తర్వాత నీమీద కోపం వచ్చింది. అది ఇంకా తగ్గలేదు, కాబట్టి సరిగ్గా కూర్చుని విను.

మీ అమ్మని పదేళ్ళు నేను ఎత్తి దించానన్నావు. ఒక్కదాన్నే ఎప్పుడు ఎత్తానే? నేను భుజాలు పట్టుకుంటే కాళ్ళ వైపు పట్టుకున్నదెవరు? "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టిందెవరు? నువ్వు మూడు అంటేనే నేను లేపేదాన్ని. వాచీ పని మధ్యలో వదిలి, నూనె చేతులు తుడుచుకుంటూ రోజుకి నాలుగుసార్లు వచ్చేదానివి. ఆ పదేళ్ళనీ నా ఖాతాలో రాసేసి, నువ్వు పక్కన లేనట్టు మాట్లాడితే నాకు ఎక్కడ మండాలో అక్కడ మండింది.

ఇంకో మాట. నీకు చూపు తగ్గింది, కాళ్ళు తగ్గలేదు. మంచం ఎక్కడిది మధ్యలో? నీకెవరు వేశారు మంచం?

హాస్టలు మంచిదే కావచ్చు. నేర్చుకోవాలనుంటే వెళ్ళు, నేనే దింపుతాను, సెలవులకి నేనే తీసుకొస్తాను. పనిముట్లు నీవి, ఉంచుకుంటావో ఇస్తావో నీ ఇష్టం. కానీ నా ఎదురుగా పెట్టె సర్దుకుని, నాతో పోట్లాడి వెళ్ళు. నీళ్ళ సీసాకని దిగినట్టు ఇంట్లోంచి కూడా దిగిపోతే నేను ఊరుకోను. నువ్వు లేని ఇంటికి నేను రాలేను, నాకు భయం. ఇది మొదటిసారి చెప్తున్నాను, రెండోసారి చెప్పించకు.

ఇప్పుడు అసలు సంగతి. షాపాయన మొదటి రోజు చెప్పిన మాట నీకు రాశాను, గుర్తుందా? వెనక కూర్చునేవాళ్ళు దారి చూడక్కర్లేదు. తొక్కాలి, అంతే. రెండు జతల పెడళ్ళకీ ఒకటే గొలుసు. నువ్వు తొక్కడం మానేస్తే ఆ బరువు వెంటనే నా కాళ్ళకి తెలిసిపోతుంది, కాబట్టి బద్ధకం కుదరదు. లైటుహౌసు ఎత్తు ఎక్కలేక నెలన్నర నుంచి అక్కడ దిగి తోస్తున్నాను. నాకు వెనక మనిషి కావాలి. జాలితో పిలవడం లేదు, నా మోకాళ్ళ కోసం పిలుస్తున్నాను.

వదిన

*

మన ఇల్లు
డిసెంబరు 22

వదినకి,

ఇది నేనే రాస్తున్నాను. లైన్లు ఎటు పోయినా నోరు మూసుకుని చదువు.

నేను వద్దన్నవన్నీ కొట్టి పంపేశానని అన్నయ్యే ఒప్పుకున్నాడు, ఆయనతో మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు నీ ఉత్తరం చదివాడు. "ఏమండీ" దగ్గరే గొంతు పోయింది. ఎదురింటావిడని పిలిచి మిగతాది చదివించుకున్నాం. నీ తిట్లు ఇప్పుడు వీధంతటికీ తెలుసు.

రేవు గడియారం ముట్టుకోను. అంత పెద్దది కమ్మరి పని, నా పని కాదు. మళ్ళీ మొదలుపెట్టకు.

హాస్టలుకి వెళ్తాను. ఫిబ్రవరిలో. చెప్పి వెళ్తాను.

పనిముట్లు ఇచ్చేశాను. చిన్న పట్టకారు ఒకటి ఉంచుకున్నాను, ఎందుకో తెలియదు.

భయం నీకొక్కదానికే ఉన్నట్టు రాశావు. శనివారం ఉదయం బండికి అన్నయ్య ఎక్కిస్తాడు. అక్కడ ఏ పెట్టెలోంచి దిగుతానో నాకు తెలియదు, నువ్వెక్కడ నిలబడతావో నాకు కనిపించదు.

మరదలు

*

మేడమీద అద్దె గది
డిసెంబరు 24

మరదలు పిల్లకి,

దిగినచోటే నిలబడు, కదలకు. ఎవరికీ చెయ్యి ఊపకు. ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరదాకా నేనే తిట్టుకుంటూ వస్తాను, నా గొంతు నీకు అరమైలు దూరం నుంచే వినిపిస్తుంది.

మంచం కింద నుంచి నీ సంచీ తీసి దులిపాను. ఈసారి నీ బట్టలు తెచ్చుకో.

పొద్దున షాపుకి వెళ్ళాను. "ఎక్కేటప్పుడు ఇద్దరూ ఒకేసారి కాలు వెయ్యాలండీ, లేకపోతే పడతారు" అని షాపాయన పాఠం మొదలుపెట్టాడు. "మూడు అనడానికి మాకు మనిషుంది, మీ పని మీరు చూసుకోండి" అన్నాను. వెనక సీటు నీ ఎత్తుకి దింపించాను.

ఇసుక బస్తా విప్పించేశాను.

వదిన